హార్డ్‌డిస్క్‌కు ఫోన్ కలిపిన కుర్రాడు

హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఒకరోజు ఇంట్లో కంప్యూటర్ నుంచి యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఫోన్ కలపబోయాడు. మోడెమ్ ఉన్న దారి పేరు టీటీవై1. అతను పొరపాటున ఇచ్చిన పేరు హెచ్‌డీఏ1. అది హార్డ్‌డిస్క్‌లో ఒక భాగం పేరు. కంప్యూటర్ 'అదేంటి?' అని అడగలేదు. ఏటీడీటీ అనే డయలింగ్ ఆజ్ఞనూ, దాని వెనకున్న ఫోన్ నంబరునూ బుద్ధిగా తీసుకెళ్లి డిస్క్‌లో ఆ భాగం మొదట్లో రాసేసింది. అక్కడున్న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ దెబ్బతో పనికిరాకుండా పోయింది.

అప్పటికి అతని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఇంకా నెలల పసిగుడ్డు. దాన్ని అతను రాస్తున్నదే మినిక్స్ ఆసరాతో. ఇప్పుడు మినిక్స్‌ను మళ్లీ ఎక్కించుకోవాలా, తాను రాసుకున్నదాని మీదే పూర్తిగా ఆధారపడాలా? రెండోదే మేలనుకున్నాడు. ఏ ఫైలులో ఎవరు రాయొచ్చు, ఎవరు రాయకూడదు అనే అనుమతుల ఏర్పాటును లినక్స్‌లో అతను పెట్టింది ఈ ఉదంతం తర్వాతేనని తోటి విద్యార్థి లార్స్ విర్జీనియస్ తర్వాత గుర్తుచేసుకున్నాడు.

యూనిక్స్ జాతి వ్యవస్థను తొలిసారి ఇన్‌స్టాల్ చేయబోయినవాళ్లు తడబడే రెండు చోట్లూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. ఒకటి డిస్క్ పేర్లు, రెండోది డయలప్. అసలు లినక్స్ పుట్టిందే ఈ రెండింటి కోసం. 1991 జనవరిలో లైనస్ 386 ప్రాసెసర్ ఉన్న పీసీ కొన్నాడు. యూనివర్సిటీ కంప్యూటర్‌లోకి ఫోన్ ద్వారా వెళ్లి అక్కడి చర్చలు చదువుకోవడానికి చిన్న టెర్మినల్ ప్రోగ్రామ్ రాసుకున్నాడు. చదివితే సరిపోదుగా, నచ్చిన ఫైళ్లను దించుకుని దాచుకోవాలి. దాచాలంటే డిస్క్‌తో మాట్లాడే డ్రైవర్ కావాలి. డ్రైవర్ రాశాక, డిస్క్ మీద ఫైళ్లు ఏ క్రమంలో అమరుతాయో తెలిసిన ఫైల్ సిస్టమ్ కావాలి. ఫోన్ కలపడానికి రాసుకున్న ప్రోగ్రామ్ ఇలా ఒక్కో అవసరాన్నీ నెత్తినేసుకుంటూ ఆపరేటింగ్ సిస్టమ్ అయి కూర్చుంది.

డిస్క్‌కూ మోడెమ్‌కూ మధ్య ఇంత పొరపాటు ఎలా సాధ్యం? విండోస్ వాడేవారికి ఇది ఊహకందదు. అక్కడ డిస్క్ అంటే సీ డ్రైవ్, మోడెమ్ అంటే కంట్రోల్ ప్యానెల్లో ఓ బొమ్మ. ఒకదాని చోట ఇంకొకటి నొక్కే వీలే లేదు. యూనిక్స్‌ది వేరే పద్ధతి. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఆ వ్యవస్థను రూపొందించినప్పుడే పరికరాలకు కూడా ఫైళ్లలాగే పేర్లు పెట్టారు. అవన్నీ డెవ్ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఉత్తరం రాసిన ఫైలును ఏ కమాండ్‌తో చదువుతామో అదే కమాండ్‌తో డిస్క్‌నూ చదవొచ్చు, మోడెమ్‌కూ అక్షరాలు పంపొచ్చు. ప్రోగ్రామ్ రాసేవాడికి ఇది వరం. ప్రతి పరికరానికీ కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు. పేరులో ఒక్క అక్షరం తప్పినా అడ్డుచెప్పే నాథుడు ఉండకపోవడం ఆ వరానికి చెల్లించే ధర.

ఆ డైరెక్టరీలోని పేర్లను వివరంగా చూపమని ఎల్ఎస్ కమాండ్‌కు చెబితే రెండు సంగతులు కంటపడతాయి. వరుస మొదట్లో మామూలు ఫైలుకు చిన్న గీత ఉండే చోట డిస్క్‌కైతే బి అనే అక్షరం, మోడెమ్ పోర్టుకైతే సి అనే అక్షరం ఉంటాయి. బి అంటే బ్లాకుల లెక్కన నడిచేది. ఎక్కడి ముక్కనైనా నేరుగా తీసి చదవొచ్చు. సి అంటే అక్షరం తర్వాత అక్షరంగా ప్రవహించేది. దాటిపోయిన అక్షరం మళ్లీ రాదు. ఇక ఫైలు సైజు ఉండాల్సిన చోట కామాతో విడదీసిన రెండు అంకెలు కనిపిస్తాయి. పాత లినక్స్‌లో హెచ్‌డీఏకు 3, 0. హెచ్‌డీఏ1కు 3, 1. హెచ్‌డీబీకి 3, 64. తొలి సీరియల్ పోర్టుకు 4, 64. కెర్నెల్‌కు నిజంగా కావాల్సింది ఈ అంకెలే. మొదటిది ఏ డ్రైవర్‌ను పిలవాలో, రెండోది ఆ డ్రైవర్ చేతికింద ఎన్నో పరికరమో చెబుతుంది. పేరు మనుషుల సౌకర్యం కోసం తగిలించిన చీటీ.

1990ల చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న పీసీ మూత విప్పితే ఆ చీటీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది. మదర్‌బోర్డు మీద ప్రైమరీ, సెకండరీ అని రెండు ఐడీఈ కనెక్టర్లు. ఒక్కోదాని నుంచి వెడల్పాటి బూడిదరంగు రిబ్బన్ కేబుల్. ఒక్కో కేబుల్‌కు రెండేసి డ్రైవ్‌లు తగిలించొచ్చు. వాటిలో ఏది మాస్టర్, ఏది స్లేవ్ అన్నది డ్రైవ్ వెనక పిన్నుల మీద తొడిగే చిన్న జంపర్ తేలుస్తుంది. లినక్స్ ఈ నాలుగు స్థానాలకే పేర్లు పెట్టింది. ప్రైమరీ మాస్టర్ హెచ్‌డీఏ, ప్రైమరీ స్లేవ్ హెచ్‌డీబీ, సెకండరీ మాస్టర్ హెచ్‌డీసీ, సెకండరీ స్లేవ్ హెచ్‌డీడీ. అక్కడున్నది హార్డ్‌డిస్కా, సీడీ డ్రైవా అన్నదాంతో పేరుకు సంబంధం లేదు. సీడీ డ్రైవ్‌ను సెకండరీ కేబుల్‌కు ఒంటరిగా పెడితే అది హెచ్‌డీసీ. కేబుల్ ఆదా అని హార్డ్‌డిస్క్ కేబుల్‌కే తోకలా తగిలిస్తే హెచ్‌డీబీ.

అంటే ఇది బస్సులో మనిషిని సీటు నంబరుతో పిలవడం లాంటిది. సీటు మారితే పేరూ మారుతుంది.

దీని ఫలితం పాత పీసీలకు కొత్త డిస్క్ పెట్టుకున్న చాలామందికి అనుభవమే. కొత్త డిస్క్‌ను ప్రైమరీకి తగిలించి, పాతదాన్ని సెకండరీకి మార్చగానే నిన్నటి హెచ్‌డీఏ ఇవాళ హెచ్‌డీసీ అవుతుంది. సిస్టమ్ మొదలవగానే ఏ పార్టిషన్‌ను ఎక్కడ అతికించుకోవాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులోనూ, కెర్నెల్‌ను లేపే బూట్ ప్రోగ్రామ్ అమరికలోనూ మాత్రం పాత పేరే ఉంటుంది. కెర్నెల్ ఆ పేరున్న చోటికి వెళ్లి, అక్కడ తనకు కావాల్సిన ఫైళ్లేవీ లేకపోయేసరికి ప్యానిక్ అని ప్రకటించి ఆగిపోతుంది. డేటా చెక్కుచెదరలేదు, డిస్క్ చెడిపోలేదు. చిరునామా ఒక్కటే మారింది.

అప్పటి విండోస్ అక్షరాలు ఇంతకంటే నిలకడైనవని అనుకోనక్కర్లేదు. డాస్ కాలం నాటి లెక్క ప్రకారం అన్ని డిస్క్‌లలోని మొదటి ప్రైమరీ పార్టిషన్లకు ముందు అక్షరాలు పంచేవారు. లాజికల్ పార్టిషన్ల వంతు ఆ తర్వాత. ఒకే డిస్క్‌లో సీ, డీ ఉన్నవాడు ప్రైమరీ పార్టిషన్ ఉన్న రెండో డిస్క్ కొని తగిలిస్తే డీ అనే పేరు కొత్త డిస్క్‌కు పోయి, పాత డీ కాస్తా ఈ అయ్యేది. డీ డ్రైవ్‌లోని ఫొటోలు మాయమయ్యాయని గగ్గోలు పెట్టినవారి గొడవ చాలాసార్లు ఇదే.

ఇక హెచ్‌డీఏ1 వంటి పేర్ల చివరి అంకెల సంగతి. పీసీ డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ ప్రోగ్రామ్‌కు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు. మధ్యలో మిగిలినవి 64 బైట్లు. ఒక పార్టిషన్ వివరాలకు 16 బైట్లు పడతాయి కాబట్టి అక్కడ నాలుగింటికే చోటు. డిస్క్‌లు పది మెగాబైట్లున్న రోజుల్లో నాలుగు ఎక్కువే. తర్వాత చాలలేదు. అప్పుడు ఆ నాలుగింటిలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ అని గుర్తుపెట్టి, దాని కడుపులో లాజికల్ పార్టిషన్లను గొలుసుకట్టుగా పెట్టే ఉపాయం వచ్చింది. 1 నుంచి 4 వరకు అంకెలు అసలు నాలుగింటికీ కేటాయించి ఉంచారు గనక, రెండే వాడుకున్నా సరే, లాజికల్ వాటి లెక్క 5 నుంచే మొదలవుతుంది. లినక్స్ లేచేటప్పుడు తెరపై దొర్లిపోయే సందేశాల్లో హెచ్‌డీఏ1, హెచ్‌డీఏ2 అని వచ్చి, వెంటనే కోణపు బ్రాకెట్ తెరుచుకుని, లోపల హెచ్‌డీఏ5, హెచ్‌డీఏ6 అని ఉండి మూసుకునే వరుస ఒకటి కనిపించేది. ఎక్స్‌టెండెడ్ కడుపులో ఏమున్నాయో ఆ బ్రాకెట్ చెబుతోందని తెలిసినవాళ్లు 3, 4 ఏమైపోయాయని వెతుక్కునేవారు కాదు. ఇందులో ఇంకో చిక్కుంది. లాజికల్ వాటిలో 5ను చెరిపేస్తే 6 వెనక్కి జరిగి 5 అవుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

లినక్స్‌తో అలవాటుపడి, బర్క్‌లీ యూనిక్స్ సంతతి అయిన ఫ్రీబీఎస్‌డీ వైపు వెళ్లినవారికి మళ్లీ మొదటికొచ్చినట్టుండేది. అక్కడ అప్పట్లో తొలి ఐడీఈ డిస్క్ పేరు ఏడీ0. స్కజీ అనే మరో రకం డిస్క్ అయితే డీఏ0. లినక్స్ పార్టిషన్ అనేదాన్ని బీఎస్‌డీ వాళ్లు స్లైస్ అంటారు. ఆ స్లైస్ లోపల మళ్లీ తమ సొంత పంపకం ఒకటి చేసుకుని, ఆ ముక్కల్ని పార్టిషన్లు అంటారు. ఏడీ0ఎస్1ఏ అంటే సున్నా డిస్క్, ఒకటో స్లైస్, అందులో ఏ పార్టిషన్. ఆ చివరి అక్షరాలకూ ఆనవాయితీ ఉంది. ఏ అంటే రూట్, బి అంటే స్వాప్, సి అంటే మొత్తం స్లైస్. సి ఖాళీగా ఉందనుకుని అందులో ఫైల్ సిస్టమ్ పెట్టబోతే మిగతావన్నీ దానికింద నలిగిపోతాయి. ఈ రెండంతస్తుల పంపకానికి కారణం చరిత్రే. బర్క్‌లీ యూనిక్స్ పెరిగింది పీసీల మీద కాదు, వ్యాక్స్ వంటి యంత్రాల మీద. అక్కడ డిస్క్‌ను అక్షరాలతో పంచుకోవడం పీసీ పార్టిషన్ పట్టికతో నిమిత్తం లేకుండా నడిచింది. పీసీకి వచ్చినప్పుడు ఆ అలవాటును మూటగట్టి ఒక స్లైస్‌లో పెట్టుకుని వచ్చారు. సన్ కంపెనీ సోలారిస్ ఇంకా స్పష్టంగా ఉండేది. సీ0టీ0డీ0ఎస్0 అంటే కంట్రోలర్, టార్గెట్, డిస్క్, స్లైస్ వరసగా నాలుగూ చెప్పేస్తుంది. చదవడానికి మంత్రంలా ఉన్నా, కేబుల్ పట్టుకుని వెళితే డిస్క్ దగ్గరికే చేరుస్తుంది.

పేరు సరిగ్గా పెట్టినంత మాత్రాన సిస్టమ్ లేస్తుందన్న భరోసా కూడా లేదు. పాత బయోస్‌కు డిస్క్‌లో 1024 సిలిండర్లకు అవతలిది కనబడేది కాదు. డిస్క్ కొలతల్ని బట్టి ఆ హద్దు ఒకచోట 504 మెగాబైట్ల దగ్గర, ఇంకోచోట 8 గిగాబైట్ల దాపున పడేది. లినక్స్‌ను లేపే లైలో అనే ప్రోగ్రామ్ బయోస్ మీదే ఆధారపడేది కాబట్టి, కెర్నెల్ ఆ హద్దు దాటి ఉంటే దొరికేది కాదు. అందుకే బూట్ పేరుతో చిన్న పార్టిషన్‌ను డిస్క్ మొదట్లోనే పెట్టుకోమని ఇన్‌స్టలేషన్ పుస్తకాలన్నీ నొక్కి చెప్పేవి. లైలోలో ఓ ముచ్చటైన సంగతి ఉంది. తన పేరులోని నాలుగు అక్షరాల్నీ ఒకేసారి చూపదు, ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కో అక్షరం ముద్రిస్తుంది. ఎల్ దగ్గరే ఆగిపోతే రెండో దశను డిస్క్ నుంచి తేలేకపోయిందని అర్థం. ఎల్ఐ దగ్గర ఆగితే తెచ్చింది గానీ నడపలేకపోయింది, అంటే చాలాసార్లు డిస్క్ కొలతల తేడా. నాలుగక్షరాలూ పడ్డాయంటే గట్టెక్కినట్టే. నల్లటి తెర మీద రెండే అక్షరాలు చూసి బెంబేలెత్తినవారికి రోగ నిర్ధారణ కూడా ఆ రెండక్షరాల్లోనే ఉందని తెలియడానికి సమయం పట్టేది.

సీటు నంబరు పద్ధతికి కాలం చెల్లింది సాటా డిస్క్‌లు, యూఎస్‌బీ డ్రైవ్‌లు వచ్చాక. వీటిని లినక్స్ స్కజీ కుటుంబంలో కలిపేసింది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు దొరికిన వరుసలో ఇచ్చుకుంటూ పోతుంది. యూఎస్‌బీ డ్రైవ్ పెట్టి ఉంచి సిస్టమ్‌ను లేపితే అదే ముందు దొరికి ఎస్‌డీఏ అయిపోవచ్చు. 2007లో ఫెడోరా 7 పాత ఐడీఈ డిస్క్‌లను కూడా ఈ వరుసలోకే తెచ్చింది. హెచ్‌డీఏలన్నీ రాత్రికి రాత్రి ఎస్‌డీఏలయ్యాయి. ఒక్కో ఐడీఈ డిస్క్‌కు 63 పార్టిషన్ల వరకు పేర్లుండేవి, ఎస్‌డీ కుటుంబంలో 15 వరకే. ఇరవై పార్టిషన్లు చేసుకుని పది రకాల లినక్స్‌లు పెట్టుకున్న సరదారాయుళ్లు అప్పుడు గొల్లుమన్నారు.

చివరికి తేలిందేమిటంటే, స్థానాన్ని బట్టి పిలిస్తే లాభం లేదు, మనిషిని బట్టే పిలవాలి అని. ఫైల్ సిస్టమ్ తయారు చేసినప్పుడే దాని ఒంటిమీద యూయూఐడీ అనే 128 బిట్ల గుర్తింపు సంఖ్య పడుతుంది. డిస్క్‌ను ఏ కేబుల్‌కు మార్చినా, ఏ కంప్యూటర్‌కు తీసుకెళ్లినా అది వెంటే ఉంటుంది. 2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10 ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పేర్లకు బదులు ఈ సంఖ్యల్నే రాయడం మొదలుపెట్టింది. మిగతావారూ అదే దారి పట్టారు. ఆ సంఖ్య నోటికి రాదు, చూసి రాసుకున్నా తప్పుపోయేలా ఉంటుంది. కానీ దాన్ని మనిషి చదవక్కర్లేదు, యంత్రం చదివితే చాలు. మనిషి చేత్తో చేసే పనులకు మాత్రం ఎస్‌డీబీ, ఎన్‌వీఎంఈ0ఎన్1 వంటి పేర్లే ఇప్పటికీ దిక్కు. యూఎస్‌బీ డ్రైవ్‌లోకి ఇన్‌స్టలేషన్ ఇమేజ్ రాయడానికి డీడీ కమాండ్ కొట్టేముందు ఎల్ఎస్‌బీఎల్‌కే అని టైపు చేసి సైజులు సరిచూసుకోవడం ఎవరూ మానరాదు. 500 గిగాబైట్లు అని కనిపించిన చోట 16 గిగాబైట్ల పెన్ డ్రైవ్ ఉండదు కదా.

ఇప్పుడు మోడెమ్ సంగతి. డిస్క్ పేర్ల గండం దాటినవారికి ఇన్‌స్టలేషన్ ప్రోగ్రామ్ తర్వాత వేసే ప్రశ్న, మోడెమ్ ఏ పోర్టు మీద ఉంది అని. డాస్ లెక్క 1 నుంచి మొదలవుతుంది, యూనిక్స్ లెక్క 0 నుంచి. కామ్1 అంటే లినక్స్‌లో టీటీవైఎస్0, కామ్2 అంటే టీటీవైఎస్1. ఫ్రీబీఎస్‌డీలో వాటినే సీయూఏఏ0, సీయూఏఏ1 అనేవారు. కామ్2 మీద మోడెమ్ పెట్టుకుని టీటీవైఎస్2 అని ఇచ్చి, అవతల నుంచి ఉలుకూపలుకూ లేదని గంటల తరబడి మోడెమ్‌ను తిట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

అంకె సరిగ్గా ఇచ్చినా ఇంకో మెలిక ఉండేది. పీసీలో కామ్1, కామ్3 ఒకే ఇంటరప్ట్ లైను మీద ఉంటాయి, అది 4వది. కామ్2, కామ్4 రెండూ 3వ లైను మీద. కామ్1కు సీరియల్ మౌస్ తగిలించి, లోపల పెట్టిన మోడెమ్ కార్డును కామ్3కి జంపర్ చేస్తే, మౌస్ కదిలినప్పుడల్లా కనెక్షన్ తడబడడమో తెగిపోవడమో జరిగేది. ఫోన్ లైనులో లోపమని ఎక్స్ఛేంజీకి ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చి అంతా బాగుందని చెప్పి వెళ్లేవాడు. అతను చెప్పింది నిజమే.

మోడెమ్‌తో మాట్లాడే భాష డెనిస్ హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చింది. ప్రతి ఆజ్ఞకూ ముందు ఏటీ అని ఉండాలి. 'ఇటు చూడు' అని పిలవడమన్నమాట. ఏటీజెడ్ అంటే పాత అమరికలు మరిచిపో. ఏటీడీటీ అంటే టోన్‌తో డయల్ చెయ్. ఏటీడీపీ అంటే పల్స్‌తో చెయ్, ఎక్స్ఛేంజీలు ఇంకా ఎలక్ట్రానిక్ కాని చోట్ల ఇదే శరణ్యం. మోడెమ్ తన దేశపు డయల్‌టోన్ కోసం ఎదురుచూసి, మన ఎక్స్ఛేంజీ టోన్‌ను గుర్తుపట్టలేక 'డయల్‌టోన్ లేదు' అని మొండికేస్తే, ఏటీఎక్స్3 అని ముందు ఒక మాట చేర్చేవారు. టోన్ వినబడినా వినబడకున్నా డయల్ చేయమని దానర్థం. ఆ ఒక్క వరుసతో లైన్లో పడ్డ మోడెమ్‌లు మన దేశంలో లెక్కలేనన్ని.

అవతలి మోడెమ్ ఎత్తి, కీచుమంటూ ఈల వేసుకుని, రెండూ ఒక వేగానికి ఒప్పుకున్నాక కనెక్ట్ అనే మాట వస్తుంది. అంతటితో ఇంటర్నెట్ వచ్చేసినట్టు కాదు. అప్పటికి ఉన్నది రెండు యంత్రాల మధ్య అక్షరాలు ప్రవహించే తీగ మాత్రమే. దాని మీద ఇంటర్నెట్ ప్యాకెట్లను నడిపించేది పీపీపీ అనే ఒప్పందం. దాని ప్రమాణం 1994 జూలైలో స్థిరపడింది. ఒప్పందం మూడు అంచెల్లో సాగుతుంది. ముందు లింకు షరతులు మాట్లాడుకోవాలి. తర్వాత యూజర్ పేరు, పాస్‌వర్డ్ చూపించాలి. చివరికి అవతలివారు ఈ కాల్ ఉన్నంతసేపు వాడుకొమ్మని ఒక ఐపీ చిరునామా ఇస్తారు.

ఫ్రీబీఎస్‌డీలో వాడే పీపీపీ ప్రోగ్రామ్ ఈ మూడంచెల్నీ కళ్లకు కట్టేది. దాని ప్రాంప్ట్‌లో ఇంగ్లీషు పీ అక్షరాలు మూడు చిన్నబడిలో ఉంటాయి. లింకు కుదరగానే మొదటిది పెద్దక్షరమవుతుంది. పాస్‌వర్డ్ ఒప్పుకోగానే రెండోది, ఐపీ చిరునామా రాగానే మూడోది. రెండో అక్షరం దగ్గర ఆగిపోతే తప్పు పాస్‌వర్డ్‌లో ఉందని వేరే చెప్పనక్కర్లేదు. లినక్స్‌లో చేత్తో డయల్ చేసేవారికి ఇంకో ఆనవాలు ఉండేది. మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో లాగిన్ అయ్యాక తెర మీద ఉన్నట్టుండి అలగీతలు, మీసాల బ్రాకెట్లు, అర్థంలేని గుర్తులు కుప్పగా పడేవి. కొత్తవారు ఏదో చెడిపోయిందని ఫోన్ పెట్టేసేవారు. నిజానికి అది అవతలి యంత్రం పీపీపీ మొదలుపెట్టిందన్న శుభవార్త. ఆ అలగీత పీపీపీలో ప్రతి ప్యాకెట్‌కూ హద్దురాయి.

ఐపీ వచ్చాక కూడా వెబ్ పేజీ తెరుచుకోకపోతే? అంకెలతో పింగ్ చేస్తే జవాబు వచ్చి, పేరుతో చేస్తే రాకపోతే, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు రాయడం మరిచిపోయారన్నమాట. అంకెలతోనూ రాకపోతే డిఫాల్ట్ రూట్ లేదు. ఈ రెండు ప్రశ్నలతో ముక్కాలు మంది సమస్య తేలిపోయేది. ఇవన్నీ చాట్ స్క్రిప్టులో, ప్యాప్ సీక్రెట్స్ ఫైలులో చేత్తో రాసుకోవాల్సిన బెడద కేపీపీపీ, డబ్ల్యూవీడయల్ వచ్చాక తగ్గింది. డబ్ల్యూవీడయల్ కాన్ఫిగరేషన్‌లో స్టుపిడ్ మోడ్ అని నిజంగానే ఒక వరుస ఉంది. కనెక్ట్ అనగానే తెలివికి పోకుండా, అవతలివారు అడిగేదేదో అర్థం చేసుకోవాలని చూడకుండా, నేరుగా పీపీపీ మొదలుపెట్టమని దానికి చెప్పడం. చాలా కనెక్షన్లు ఆ తెలివితక్కువతనంతోనే కుదిరేవి.

మన దేశంలో ఈ తతంగమంతా 1995 ఆగస్టు 15 తర్వాతే. ఆ రోజు వీఎస్ఎన్ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చింది. తక్కువ ధరలో దొరికేది షెల్ అకౌంట్. డయల్ చేస్తే అవతలి యూనిక్స్ యంత్రంలో అక్షరాల తెర వస్తుంది, బొమ్మలుండవు. చిత్రమేమిటంటే యూనిక్స్ పేరు కూడా వినని విద్యార్థులు లింక్స్ బ్రౌజర్‌తో, పైన్ మెయిల్‌తో యూనిక్స్ మీదే వేళ్లు తిప్పారు. సొంత కంప్యూటర్‌కు ఐపీ చిరునామా ఇచ్చే టీసీపీఐపీ అకౌంట్ ఖరీదు ఎక్కువ. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచాక తొలుత ముందుకొచ్చిన సత్యం ఆన్‌లైన్ హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థదే.

లినక్స్‌ను మాత్రం ఫోన్ లైను మీద దించుకోవడం ఇక్కడ అయ్యే పని కాదు. మోడెమ్ 33.6 కిలోబిట్ల వేగాన్ని ఒక్క తొట్రుపాటూ లేకుండా నిలబెట్టుకున్నా గంటకు దాదాపు 15 మెగాబైట్లు. 650 మెగాబైట్ల సీడీకి 43 గంటలు. మధ్యలో ఎవరూ వేరే గదిలో రిసీవర్ ఎత్తకూడదు. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలర్ అయితే ఫ్లాపీలతో లేచి, ఆల్ట్, ఎఫ్3 కీలు నొక్కితే వచ్చే మరో తెర మీద చేత్తో డయల్ చేసుకుని, మిగతాదంతా ఫోన్ మీదే తెచ్చుకునే వీలు కూడా ఇచ్చింది. అమెరికాలో లోకల్ కాల్‌కు నిమిషాల లెక్క లేని ఇళ్లలో అది చెల్లింది. ఇంటర్నెట్ గంటలకు ఒక లెక్క, ఫోన్ పల్స్‌లకు మరో లెక్క కట్టే మన ఇళ్లలో ఆ పని చేయాలంటే ముందు నాన్నగారిని ఒప్పించాలి. ఆ లోటును తీర్చింది పీసీ క్వెస్ట్ పత్రిక. 1996 నుంచి లినక్స్ సీడీలను పత్రికతోపాటు ఇస్తూ వచ్చింది. దేశంలో ఒక తరం లినక్స్‌తో పరిచయమైంది ఆ సీడీలతోనే.

సీడీ దొరికినా మోడెమ్ కలిసిరాకపోవచ్చు. 1990ల చివర్లో అసెంబుల్డ్ పీసీల్లో ఎక్కువగా వేసిచ్చినవి విన్‌మోడెమ్‌లు. సంకేతాల్ని విడదీసే చిప్ ఉండాల్సిన చోట దాన్ని ఎత్తేసి, ఆ పనిని విండోస్ డ్రైవర్‌తో ప్రాసెసర్ నెత్తిన రుద్దడం వల్ల అవి చవక. లినక్స్‌కు ఆ డ్రైవర్ లేదు కాబట్టి దాని కంటికి అక్కడ మోడెమే లేదు. లూసెంట్ వంటి కొన్ని చిప్‌లకు తర్వాత లినక్స్ డ్రైవర్లు వచ్చినా, కెర్నెల్ మారినప్పుడల్లా వాటిని మళ్లీ కంపైల్ చేసుకోవాలి. బయట పెట్టే సీరియల్ మోడెమ్‌కు డబ్బులు ఎక్కువైనా మాట వినేది. విన్‌మోడెమ్‌ను పట్టుకుని వారాలు తన్నుకులాడినవారిని చూస్తే ఆ అదనపు ఖర్చు దండగ కాదనే అనిపిస్తుంది.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చి ఈ గోల సద్దుమణుగుతున్న సమయంలోనే మొబైల్ ఇంటర్నెట్ యూఎస్‌బీ డాంగిళ్లు దిగాయి. వాటి లోపలున్నదీ ఏటీ ఆజ్ఞలు వినే మోడెమే. పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0. డయల్ చేయాల్సిన నంబరు జీఎస్ఎం అయితే నక్షత్రం 99 హ్యాష్, సీడీఎంఏ అయితే హ్యాష్ 777. డబ్ల్యూవీడయల్, స్టుపిడ్ మోడ్‌తో సహా, మళ్లీ బతికింది. ఈ డాంగిళ్లలో చాలావాటికి ఇంకో వేషం కూడా ఉండేది. తగిలించగానే తాము సీడీ డ్రైవ్‌మని చెప్పుకునేవి. విండోస్ డ్రైవర్లు ఆ ఉత్తుత్తి సీడీలో ఉంటాయి, అవి ఎక్కాక అసలు రూపం చూపిస్తాయి. లినక్స్‌లో డిస్క్‌గా వచ్చినది డిస్క్‌గానే కూర్చునేది. దానికి ప్రత్యేక సంకేతం పంపి మోడెమ్‌గా మార్చడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాయాల్సి వచ్చింది.

డయలప్ వాడేవారు ఇప్పుడు దాదాపు లేరు గానీ డెబియన్, ఉబుంటులలో డయలౌట్ అనే గ్రూపు ఇంకా ఉంది. సీరియల్ పోర్టులను తెరిచే హక్కు ఆ గ్రూపులో ఉన్నవారిదే. ఆర్డుయినో బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఇంజినీరింగ్ విద్యార్థికి టీటీవైఏసీఎం0 దగ్గర పర్మిషన్ డినైడ్ అని వస్తే చేయాల్సిన పని, తన యూజర్ పేరును డయలౌట్‌లో చేర్చుకోవడం. చేర్చుకున్నాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. లేకపోతే ఆ చేరిక లెక్కలోకి రాదు.